ఆరో పొట్లం

శనివారం పొద్దున పదకొండింటికి హుటాన్ మెలింటాంగ్‌లో బస్సు దిగగానే కుసుమ చేసిన మొదటి పని ముక్కు మూసుకోవడం. ఎవరైనా చూశారేమోనని వెంటనే చెయ్యి దించేసింది.

కుసుమది బొబ్బిలి. తెలుగు ఎం.ఏ. పూర్తయ్యాక మూడు నెలల స్వచ్ఛంద సేవకని మలేషియా వచ్చింది. వారమంతా రాజధానిలోని బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఓ సంఘం వాళ్ళ మేడమీద పిల్లలకి అక్షరాలు దిద్దించడం, శని ఆదివారాల్లో ఏదో ఒక తెలుగువాళ్ళింట్లో దిగి అక్కడి ఆచారాలూ సముద్ర తీరాలూ చూసి, ఫోటోలతో పాటు నాలుగు ముక్కలు రాసి సంఘానికి పంపడం, ఇదీ ఒప్పందం. కిందటి వారం కువాలా సెలంగోర్‌లో మిణుగురులు చూసి మురిసిపోయింది. ఈ వారం ఈ చేపల ఊరు. ఫోటోల్లో చాలా బాగుంది. ఫోటోకేం, దానికి వాసన ఉండదు కదా.

ఇక్కడ మాత్రం వాసన తప్ప ఇంకేమీ లేనట్టుంది. రోడ్డు పక్కన చాపల మీద చిన్న రొయ్యల్ని ఉప్పులో మాగేసి, దంచి, ఊదారంగు ముద్దలుగా ఆరబెట్టారు. బెలచాన్ అంటారట. దాని మీద ఈగలు ముసిరి ఉన్నాయి. మురుక్కాలవలో చేపల పేగులు తేలుతున్నాయి. ఆ గాలి పీల్చుకుంటుంటే గొంతులోకి ఎవరో జిడ్డుగుడ్డ దోపుతున్నట్టుంది కుసుమకి. అసలే ఆ పిల్లకి రోత ఎక్కువ. ఎంగిలంటే మరీను. సొంత చెల్లెలు కొరికిన జామకాయ ముట్టదు, తల్లి తాగిన గ్లాసైనా కడగందే పెదవికి ఆనించదు. హాస్టల్లో అందరూ ఆమెని మడి మామ్మ అని ఏడిపించేవాళ్ళు.

బస్టాండుకి కృష్ణకుమార్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, సొంత పడవ ఉంది. "టీచర్, ఎక్కండి లా. ఇల్లు దగ్గరే," అన్నాడు, మాట చివర ఇక్కడందరూ తగిలించే ఆ 'లా'తో. అతని చొక్కా వెనక ఎండిన పొలుసులు అంటుకుని తళతళలాడుతున్నాయి. వాటికి తన చున్నీ తగలకుండా దారంతా ఒళ్ళు బిగపట్టుకుని కూర్చుంది.

ఇంట్లో ఉన్నది ముగ్గురే. కృష్ణకుమార్, వాళ్ళమ్మ యోగేశ్వరి, నాన్నమ్మ ఎర్రమ్మ. యోగేశ్వరికి అరవమే ఎక్కువ, తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది. "వాంగమ్మా, ఎండ కదా లా, లోపల రా," అని చల్లటి నీళ్ళిచ్చింది. ఎర్రమ్మకి ఎనభై దాటాయి. ఎండురొయ్యంత మనిషి. కుసుమ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏ ఊరమ్మా మీది?"

"బొబ్బిలి, మామ్మా."

"బొబ్బిలా! మా తాత ఆ పక్క నించే ఓడెక్కి వొచ్చినాడంట. తోటలో రబ్బరు గీసినాడు. నాను ఆ ఊరు ఎప్పుడూ సూడనేదు. నువ్వొచ్చినావు, ఆ ఊరే వొచ్చినట్టుంది నాకు."

కుసుమకి కళ్ళు చెమర్చాయి. మరుక్షణం ఆ ముసలిచేతి గోళ్ళల్లో ఊదారంగు బెలచాన్ ఇరుక్కుని ఉండటం కనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకుంటే బాగుండదని అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఇంట్లో పెద్ద పనుంది. ఎర్రమ్మ మొగుడు పైడయ్య తొమ్మిదేళ్ళ కిందట సముద్రమ్మీదికి వెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. శవమైనా దొరకలేదు. ఏటా ఆ తిథికి, ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బయటపడే బురద మేట మీద ఆయనకి అన్నం పెడతారు. అయిదు ముద్దలు అరిటాకుల్లో చుట్టి, దారం కట్టి, ఒక్కొక్కటీ ఓ పుల్లకి బిగించి బురదలో గుచ్చుతారు. వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. నీళ్ళు ఎక్కి దిగాక వెళ్ళి చూస్తే పొట్లం విప్పి ఉండాలి. విప్పి ఉంటే తిన్నట్టు.

"తొమ్మిదేళ్ళు, ఒక్కసారి కూడా విప్పలే," అంది యోగేశ్వరి గొంతు తగ్గించి. "కట్టింది కట్టినట్టే ఉంటది. అత్త పాపం, రాత్రంతా ఏడుస్తది."

వంట ఎర్రమ్మే చేసింది. కుసుమ పక్కన కూర్చుని ఫోటోలు తీసుకుంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమంటారా అని మాటవరసకి అడిగితే ముసలావిడ ఉలిక్కిపడింది.

"తప్పమ్మా! పెద్దోలకెట్టింది ముందు మన నాలిక మీద పడితే ఎంగిలైపోద్ది. ఎంగిలి ఎట్టకూడదు. ఎంగిలైతే ఏటొచ్చి తింటాదో మనకి తెల్దు."

ఈ మాట మాత్రం కుసుమకి బాగా నచ్చింది. రాసుకుంది కూడా.

నాలుగున్నరకి పడవెక్కారు. యోగేశ్వరి ఇంటి దగ్గర ఉండిపోయింది. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్ళు మైలు దూరం వెనక్కి పోయి, బూడిదరంగు బురద బయటపడింది. చూడటానికి గచ్చు చేసిన నేలలా ఉంది, కాలు పెడితే మోకాలి దాకా మింగేస్తుంది. దాని నిండా చిల్లులు. ఒక్కో చిల్లులోంచి కళ్ళు పైకి పొడుచుకొచ్చిన బురదచేపలు బయటికి పాకి, నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోంది. ఈ సముద్ర తీరానికి ఏం శీర్షిక పెట్టి పంపాలో కుసుమకి తోచలేదు.

పడవ మేట పక్కన ఆగింది. కృష్ణకుమార్ పొట్లాలకి దారం కడుతున్నాడు. ఎర్రమ్మ వేరే గిన్నె తీసి, అందులో అన్నం బెలచాన్ పచ్చడితో కలిపి, ఎండుచేప చిదిపి, ముద్ద చేసి కుసుమ నోటి దగ్గర పెట్టింది.

"తినమ్మా. పస్తున్న మనిసి పక్కనుండగా ఎడితే పెద్దోలు ముట్టరు."

"నేను తర్వాత..."

"ఒక్క ముద్ద. నా సేతిది."

కాదనడం కుసుమకి రాదు. పెద్దవాళ్ళు చేత్తో పెడితే కాదనకూడదని ఇంట్లో నేర్పారు. నోరు తెరిచింది. ముద్దతో పాటు ఎర్రమ్మ బొటనవేలు కూడా లోపలికొచ్చి, నాలుక మీద ఓ క్షణం ఆగి వెళ్ళింది. గోరు గరుగ్గా తగిలింది. తర్వాత ఆ కంపు ముక్కులోపలి నుంచి పైకి ఎక్కింది. రెండుసార్లు నమిలింది. ముల్లు ఒకటి చిగుళ్ళల్లో గుచ్చుకుంది. ఎంత ప్రయత్నించినా గొంతు దిగదు. బుగ్గన పెట్టుకుని చిరునవ్వు నవ్వి, ఎర్రమ్మ అటు తిరగ్గానే మిగిలిన అరిటాకు ముక్కలో ఊసేసింది. నీళ్ళల్లో విసిరితే చప్పుడవుతుందని ఆకు మడిచి పడవ చెక్క మీద పెట్టింది, తర్వాత పారేద్దామని.

కృష్ణకుమార్ ఇటు తిరిగాడు. "ఓ, ఇంకొకటి ఉందా? అయిదే అనుకున్నాను లా," అని దాన్ని తీసుకున్నాడు. చకచకా దారం చుట్టాడు, పుల్లకి బిగించాడు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. అది మామ్మ పెట్టిన ముద్ద, నేను ఊసేశాను అని ఒక్క మాట అంటే చాలు. ఎర్రమ్మ కేసి చూసింది. ముసలావిడ రెండు చేతులూ జోడించి, సముద్రం వైపు తిరిగి, పెదవులు కదుపుతోంది. అంత ఆశగా ఉన్న మొహమ్మీద ఆ మాట ఎలా అనడం? కృష్ణకుమార్ బురదలోకి దిగి ఆరు పుల్లలూ వరసగా గుచ్చి వచ్చాడు.

"ఎనక్కి సూడకండి," అని గుసగుసగా అంది ఎర్రమ్మ.

పడవ కదిలింది. ఇంజను ఇంకా వెయ్యలేదు, గడతో తోస్తున్నాడు. అప్పుడు వినిపించింది.

చప్... చప్... చప్...

ఎవరో నోరు తెరిచి నములుతున్నట్టు. తీరిగ్గా. ఇష్టంగా.

కుసుమ వెనక్కి చూసింది.

నీళ్ళు ఇంకా మేట దాకా రాలేదు. అయిదు పొట్లాలు కదలకుండా ఉన్నాయి. ఆరోదాని చుట్టూ ఉన్న బురదచేపలు ఒక్కసారిగా చెదిరి పారిపోతున్నాయి. దారం వదులైంది. ఆకు ఒక మడత... ఇంకో మడత... విచ్చుకుంది. ముద్ద లేదు. ఆకు కింద బురదలో గుప్పెడంత గుంట పడి ఉంది. దాని అంచులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. కలుస్తున్నాయి... విడిపోతున్నాయి...

ఇంజను అందుకుంది. ఆ మోతలో మరేమీ వినిపించలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర కుసుమ కడుపు బాగోలేదని పప్పూ అన్నమూ మాత్రం పెట్టమంది. వేడివేడి అన్నం, పొగలు కక్కుతోంది. కలిపి నోట్లో పెట్టుకుంది. పన్ను ఇంకా ఆనించలేదు. నోట్లో ఉన్నది అన్నం కాదు. అప్పటికే నమిలేసిన పిప్పి. గోరువెచ్చగా, జిగురుగా, ఇంకెవరిదో లాలాజలంతో తడిసి ఉంది.

పెరట్లోకి పరుగెత్తి ఊసింది. బూడిదరంగు ముద్ద, మధ్యలో సన్నటి ఇసుక. పుక్కిలిద్దామని చెంబెత్తితే నీళ్ళు కూడా చిక్కగా, తీగలు సాగుతూ నోట్లోకి వచ్చాయి. ఎవరో పుక్కిలించి ఆమె నోట్లోకి వదిలినట్టున్నాయి. భళ్ళున వాంతి చేసుకుంది. "వెయిల్, ఎండ తగిలింది లా," అని యోగేశ్వరి వీపు రాసింది. తెల్లారే దాకా కుసుమ తన నాలుకని పళ్ళకి తగలనివ్వకుండా పడుకుంది.

ఆదివారం ఏడింటికి కృష్ణకుమార్ మేట దగ్గర్నుంచి పరుగున వచ్చాడు.

"మామ్మా! విప్పి ఉంది! తాత తిన్నాడు మామ్మా! ఒక పొట్లం విప్పి ఉంది. మిగతా అయిదూ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి."

ఎర్రమ్మ గోడకి చేరగిలబడి పెద్దగా ఏడ్చింది. తొమ్మిదేళ్ళ ఏడుపు అది. ఏడుస్తూనే నవ్వింది. "ఒక్కటైనా తిన్నాడు. సాలు. ఈవేళ ఇంట్లో అందరికీ పరవాన్నం," అంటూ అప్పటికప్పుడు పొయ్యి వెలిగించింది. ఏ పొట్లమో కుసుమకి తెలుసు. కక్కాలో మింగాలో తెలియని మాట గొంతులో పెట్టుకుని కూర్చుంది.

దాహం ఆగడం లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క గుటక పడలేదు. పెదవులు పగిలాయి, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. యోగేశ్వరి జాలిపడి గుడ్డు ఉడకబెట్టి ఇచ్చింది. పెంకు ఎక్కడా పగల్లేదు. కుసుమ చేతులు మూడుసార్లు కడుక్కుని, తనే స్వయంగా కొట్టి, తనే వలిచింది. పెంకు లోపల తెల్లసొన, పచ్చసొన కలిసిపోయి ఉన్నాయి. నమిలి, ఉమ్మి, మళ్ళీ పెంకులో కూరినట్టు. అందులోంచి ఓ బుడగ పైకి వచ్చి పగిలింది.

ఇలా అయితే తను బతకదని ఆ క్షణాన కుసుమకి అర్థమైంది. డాక్టరు ఏం చేస్తాడు? సెలైన్ సీసాలోంచి మాత్రం ఏం కారుతుంది?

మధ్యాహ్నం వాన మొదలైంది. ఎర్రమ్మ అందరికీ వడ్డించి, తనూ కూర్చుంది. కుసుమ కంచంలో తెల్లటి అన్నం, దాని మీద నెయ్యి. ఆమె చెయ్యి పెట్టలేదు. అలా చూస్తూ ఉండగానే అన్నం మధ్యలో సొట్ట పడింది. కాటు పడినట్టు. మెతుకులు మాయమయ్యాయి. చప్... చప్... ఫ్యాను మోతలోనూ వినిపిస్తోంది. కాసేపటికి బూడిదరంగు ముద్ద ఒకటి కంచం అంచున, సరిగ్గా ఆమె కుడిచేతి దగ్గర, పొందిగ్గా వచ్చి కూర్చుంది.

యోగేశ్వరి "కడవుళే! దేవుడా!" అని లేచి నిలబడింది. కృష్ణకుమార్ చేతిలో ముద్ద జారిపోయింది.

కుసుమ ఏడ్చేసింది. చెప్పేసింది. ముద్ద సయించకపోవడం, ఆకులో ఊయడం, నోరు మెదపకపోవడం, అన్నీ. "నన్ను క్షమించండి మామ్మా. ఆయన తిన్నది నా ఎంగిలి."

ఎర్రమ్మ తిడుతుందనుకుంది కుసుమ. ముసలావిడ కళ్ళల్లో కోపం లేదు. సవతిని చూసినట్టు చూస్తోంది.

"నీ ఎంగిలి తిన్నాడు. ఇప్పుడు ఆయన ఎంగిలి నీకెడతన్నాడు," అంది మెల్లగా. "పెళ్ళినాడు అలాగే సేసినాడు నాకు. బంతిలో సగం లడ్డు కొరికి, సగం నా నోట్లో ఎట్టినాడు. మొగుడి ఇస్తట్లో పెళ్ళాం తింటాది. అది నా కూడు తల్లీ. నీది కాదు."

"అత్తా, వద్దు!" అంది యోగేశ్వరి.

"నువ్వూరుకో. ఒలే బొబ్బిలి పిల్లా, నీ నోటితో అను. నాకొద్దు, నువ్వు తీసుకో అను."

కుసుమ ఆ ముద్ద కేసి చూసింది. అందులోంచి జిగురు కారి కంచం మీద మడుగు కట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి దీన్ని తింటుందా? వద్దనాలి. వద్దని చెప్పడం తన ధర్మం. కానీ ఆకలి కడుపులో చెయ్యి పెట్టి పిసుకుతోంది, నాలుక ఎండి అట్టకట్టింది.

"నాకొద్దు," అంది. "నువ్వు తీసుకో."

ఎర్రమ్మ ముద్ద తీసుకుంది. వేళ్ళ సందుల్లోంచి తీగలు సాగాయి. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చెంపల మీద కన్నీళ్ళు జారుతున్నాయి. చప్పరించింది. మింగింది. వేళ్ళు కూడా నాకింది. యోగేశ్వరి మొహం తిప్పేసుకుంది.

కుసుమ కంచంలో మిగిలిన అన్నం పొడిపొడిగా, మెతుకు మెతుకుగా మెరుస్తోంది. భయపడుతూ నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. అన్నం. ఉత్త అన్నం! నీళ్ళు తాగింది. నీళ్ళు నీళ్ళల్లాగే దిగాయి. ఇంక ఆగలేదు. పప్పు, పరవాన్నం, ఏది ముందుంటే అది, రెండు చేతులా కుక్కుకుంది. నిన్న తను అసహ్యించుకున్న ఎండుచేపని కూడా వదల్లేదు.

"యోగీ..." అంది ఎర్రమ్మ.

గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. కళ్ళు తెరిచి ఎదుటి గోడని చూస్తోంది.

"ఏం అత్తా?"

"ఇది ఆయన కాదు."

వాన రేకుల మీద గట్టిగా కొడుతోంది.

"పోయేనాటికి ఆయన నోట్లో ఒక్క పన్ను నేదు. గంజి తాగే బతికినాడు. దీన్ని... పళ్ళతో నమిలినారు. బాగా నమిలినారు." ముసలావిడ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఇదెవరిదే?"

"ఊసెయ్ అత్తా! ఊసెయ్!"

"మింగేసినాను."

కుసుమ తల ఎత్తలేదు. ఒక్క మాటతో ఇచ్చేసింది కదా. మళ్ళీ ఒక్క మాటతో వెనక్కి తీసుకోవచ్చేమో. నాకే ఇయ్యి మామ్మా అంటే సరిపోతుందేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని మీద ఇంకో ముద్ద పెట్టి లోపలికి తోసేసి, కంచం యోగేశ్వరి వైపు జరిపింది.

"ఇంకొంచెం అన్నం పెట్టండి ఆంటీ."

ఎవరూ పెట్టలేదు. అందరూ అదే చప్పుడు వింటున్నారు. చప్... చప్... చప్... ఎర్రమ్మ పెదవులు బిగించి ఉన్నాయి. దవడ కదలడం లేదు. కృష్ణకుమార్ లేచి ఫ్యాను ఆపాడు. నాన్నమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. గొంతు దగ్గర పెట్టాడు. అక్కడా కాదు. ఇంకా కిందికి వంగి, ముసలావిడ పొట్టకి చెవి ఆనించాడు.

చప్పుడు లోపల్నుంచే వస్తోంది. అతను వెంటనే వెనక్కి జరిగాడు. చెవి తుడుచుకున్నాడు. వేళ్ళకి జిగురు తడి అంటింది.